అల్లుడు ఇంట్లో ఉన్న ఆదివారం

అల్లుడు భానుచందర్ డోర్నకల్‌లో బండెక్కాడని కూతురు పద్మ ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచి సమ్మమ్మకు చేతులాడలేదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది. దండెం మీద ఆరేసిన లోపలి బట్టలు తీసి తడి తడిగానే బియ్యం డబ్బా వెనక కుక్కింది. కుడివైపు కిడ్నీలో గడ్డ ఉందని డాక్టరు చెప్పిన రోజు కూడా ఇంత గాభరా పడలేదు ఈ మనిషి. ఆ రోజు ఇంటికొచ్చి పచ్చిపులుసు చేసుకుని, కడుపు నిండా తిని పడుకుంది.

గడ్డ చిన్నదే. కడుపునొప్పికని స్కానింగ్ తీస్తే అనుకోకుండా బయటపడింది. రేగుపండంత ఉందనీ, ఇప్పుడే చూసుకుంటే గడ్డ వరకు కోసేసి కిడ్నీని అట్లాగే ఉంచవచ్చనీ హనుమకొండ దవాఖానలో డాక్టర్ రమాకాంత్ చెప్పాడు. అయితే ముందు కొన్ని పరీక్షలు కావాలన్నాడు. గుండె ఎట్లా కొట్టుకుంటోంది, ఊపిరితిత్తులు ఎట్లా ఉన్నాయి, అన్నిటికన్నా ముఖ్యంగా రెండు కిడ్నీలూ కలిసి ఎంత పని చేస్తున్నాయి, ఇవన్నీ తెలిస్తేనే కత్తి పట్టుకుంటాడట. తోడు ఒక మనిషిని తెచ్చుకోమన్నాడు. సమ్మమ్మ పెనిమిటి సారయ్య పోయి చాలా ఏళ్లయింది. పద్మకు ఏడో నెల, రైలు ఎక్కవద్దని అక్కడి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇక మిగిలింది రైల్వేలో పట్టాల పని చేసే అల్లుడే. ఎవరూ అడగకముందే సెలవు పెట్టుకుని బయల్దేరాడు.

అంత మంచి అల్లుడు వస్తుంటే ఈవిడ బాధేమిటి అంటారా? బాధంతా అక్కడే ఉంది. సమ్మమ్మ పుట్టి పెరిగింది నర్సంపేట అవతలి పల్లెలో. వాళ్ల ఇళ్లలో అత్త అల్లుడి ఎదుట పడదు. అతని ముందు మంచం మీద కూర్చోదు, నెత్తిన కొంగు లేకుండా తిరగదు, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడదు. ఈ కాలం అత్తలు అల్లుళ్ల పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. ఆ సంగతి సమ్మమ్మకూ తెలుసు. తెలిసి ఏం లాభం? పద్మ పెళ్లయినప్పటి నుంచి అల్లుడితో నేరుగా ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. "పద్మా, అల్లుణ్ని ఇంకింత ఏసుకొమ్మను" అనేది. పద్మ దగ్గర లేకపోతే తలుపుకు చెప్పేది. "అన్నమైతే అయింది మరి" అని తలుపుతో అంటే, అవతల అల్లుడు లేచి చేతులు కడుక్కునేవాడు. అతనూ తక్కువవాడేం కాదు, మర్యాదకు పుట్టినవాడు. అత్త గడప దాటి కనబడితే చాలు, ఎక్కడ కూర్చున్నా లేచి నిలబడతాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సమ్మమ్మ ఎనుమాముల దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల ముచ్చికలు తీసే కూలి. ఆడవాళ్లంతా కాయల కుప్పల చుట్టూ పొద్దంతా కూర్చుంటారు. అక్కడ బాత్రూం ఒకటుంది, దానికి తాళం ఉంటుంది, తాళంచెవి గుమస్తా సారంగపాణి జేబులో ఉంటుంది. ఆయన ఎవరినీ ఏమీ అనడు, అడిగితే తీసి ఇస్తాడు. కానీ అందరి ముందూ నడుచుకుంటూ వెళ్లి ఆయన ముందు చేయి చాపడం ఉందే, దానికి ఆడవాళ్లకు ప్రాణం మీదికి వచ్చేది. అందుకని పొద్దున ఇంట్లో ఒంటికి పోయి వస్తే మళ్లీ ఇంటికి చేరాకే. నీళ్లు తాగరు. మిర్చి ఘాటుకు గొంతు భగభగమన్నా పుక్కిలించి ఉమ్మేస్తారు. ఈ ఓర్పులో సమ్మమ్మను మించినవాళ్లు లేరు. కొత్తగా పనిలో చేరిన పిల్లలకు "దూపైతే నోరు తడుపుకో, మింగకు" అని నేర్పేది కూడా ఆవిడే. అదొక గొప్ప అని ఇన్నేళ్లూ అనుకుంది పిచ్చిది.

శనివారం దవాఖానలో మొదటి తలవంపు గుండె పరీక్ష గదిలో వచ్చింది. నర్సు తెర అడ్డం లాగి జాకెట్టు హుక్కులు తీయమంది. తెర కింది నుంచి అల్లుడి చెప్పులు కనిపిస్తున్నాయి. అతను బయట నిలబడి ఫోన్‌లో పద్మతో "ఏం లేదు, అత్తమ్మ మంచిగనే ఉంది" అని చెబుతున్నాడు. ఆ గొంతు వింటూ అట్లా పడుకుని ఉండేసరికి సమ్మమ్మ గుండె దడదడలాడింది. కాగితం మీద గీతలన్నీ ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చాయి. "ఏందమ్మా, ఉరికొచ్చినవా?" అని నర్సు విసుక్కుని మళ్లీ తీసింది. ఛాతీ ఎక్స్‌రే అయింది, రక్తం తీసుకోవడం అయింది. హమ్మయ్య, గండం గడిచింది అనుకుంటుండగా ల్యాబు పిల్ల సబియా ఒక పెద్ద తెల్ల డబ్బా పట్టుకుని వరండాలోకి వచ్చింది.

సబియా మంచి పిల్లే, గొంతే కొంచెం పెద్దది. పెద్దావిడకు అర్థం కాదేమోనని అల్లుడికేసి తిరిగి చెప్పసాగింది. "అన్నా, నువ్వు జర వినుకో, అమ్మ మర్శిపోతది. రేపు పొద్దుగాల లేవంగనే మొదటిసారి ఒంటికి పోయింది పారబొయ్యాలె. ఇగ అక్కడి నుంచి పొద్దంత, రాత్రంత ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు ఈ డబ్బలనే పట్టాలె. ఎల్లుండి పొద్దుగాలది గూడ పట్టి తీస్కరావాలె. ఒక్కసారి ఇడ్శిపెట్టినా లెక్క తప్పుతది. నీళ్లు మంచిగ తాగిపియ్యి. డబ్బ చల్లగ ఉండాలె."

భానుచందర్ పై అధికారి మాట విన్నంత శ్రద్ధగా విన్నాడు. "ఐసు పెడ్తే నడుస్తదా అక్కా?" అని అడిగాడు కూడా. వరండాలో కూర్చున్నవాళ్లంతా వింటున్నారు. సమ్మమ్మకు తల కొట్టేసినట్టయింది. తన ఒంట్లో నుంచి వచ్చేదాని గురించి అల్లుడు, ఆ పిల్ల బేరం మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటుంటే ఎక్కడ చూడాలో తెలియక నేల మీది బండలు చూసింది. ఆటోలో అతను ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సమ్మమ్మ దారి పొడుగునా రోడ్డు వైపే ముఖం తిప్పుకుంది.

ఇక ఆదివారం. సమ్మమ్మ ఉండేది ఒక గది, దాని ముందు చిన్న వరండా. బాత్రూం వాకిలికి అవతల, ఆ వాకిట్లో కిరాయికున్న ఇళ్లన్నిటికీ కలిపి ఒక్కటే. అల్లుడి పడక వరండాలో. గదిలోంచి ఎటు పోవాలన్నా అతని ముందు నుంచే పోవాలి. తెల్లవారి మొదటిసారిది చెప్పినట్టే పారబోసింది. రెండోసారి అతను ఇంకా లేవలేదు కాబట్టి డబ్బాను బట్టల దుకాణం సంచిలో దాచుకుని వెళ్లి వచ్చింది. ఇంత సుళువైతే ఇంకేం కావాలి అనుకుంది.

ఆ తర్వాత అతను లేచాడు. మంచం మడిచి కుర్చీ వేసుకుని ఫోన్‌లో క్రికెట్ పెట్టుకున్నాడు. సమ్మమ్మ సంచి పట్టుకుని గడప దాటింది. అతను చప్పున లేచి నిలబడ్డాడు, చూపు నేలకు దించాడు. పాపం మర్యాద కొద్దీ చేశాడు, కానీ దండోరా వేసినట్టయింది. పక్కింటి ప్రేమలత బియ్యం చెరుగుతూ తలెత్తింది. "ఏందత్తా, పొద్దుపొద్దుగాల సంచి పట్టుకొని ఎటు పయనం?" అంది. సమ్మమ్మ "ఏం లేదు" అని వెనక్కి తిరిగి గదిలోకి వచ్చేసింది. అల్లుడు కూర్చున్నాడు.

ఎంతసేపని ఓర్చుకుంటుంది? మళ్లీ బయటికి వచ్చింది, ఈసారి ఉత్త చేతులతో. అల్లుడు లేచాడు. ఆవిడ గబగబా పోయి వచ్చింది. అంతా మోరీ పాలైంది. ఇక నీళ్లు ముట్టకుండా ఉంటే గొడవే ఉండదని తన పాత విద్య మొదలుపెట్టింది. అదీ సాగనిస్తేనా అల్లుడు! నీళ్లు బాగా తాగించమని ఆ పిల్ల చెప్పింది కదా, పోయి కొబ్బరిబోండాలు కొట్టించుకుని వచ్చి గడప మీద పెట్టి, తానూ తలుపుకే చెప్పాడు. "అత్తమ్మ ఇవి తాగాలన్నరు." తాగకపోతే ఏమనుకుంటాడో అని తాగింది. తాగినదానికి ఫలితం గంటలోనే తెలిసింది. అట్లా ఆ పగలంతా అతను లేవడం, ఈవిడ ఉత్త చేతులతో పోవడం. రాత్రి అతని పడక దాటి పోలేక పళ్లు బిగబట్టి తెల్లవారే దాకా పడుకుంది.

సోమవారం పొద్దున పట్టినది కలిపి చూస్తే డబ్బా అడుగున ఏదో కాస్త ఉంది. సమ్మమ్మ దాని వైపు చూసి బిక్కచచ్చిపోయింది. ఒక రోజంతా ఇంతేనా అని ఆ పెద్ద గొంతు పిల్ల వరండాలో అందరి ముందూ అడిగితే? అల్లుడు పక్కనే ఉంటాడు. బాత్రూంలో నల్లా తిప్పి రెండు చెంబుల నీళ్లు అందులో పోసింది. మూత బిగించి, తుడిచి, సంచిలో పెట్టింది. నీళ్లే కదా, నీళ్లలో నీళ్లు, ఏమవుతుంది అనుకుంది.

ల్యాబులో సబియా డబ్బా ఎత్తి చూసింది. "మొత్తం పట్టినవ్ గద అమ్మా? ఒక్కసారి గూడ ఇడ్శిపెట్టలే గద?"

అల్లుడు పక్కనే నిలబడి ఉన్నాడు. సమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "లే బిడ్డా. మొత్తం పట్టిన" అంది.

రిపోర్టులు వచ్చిన రోజు డాక్టర్ రమాకాంత్ వాటిని చాలాసేపు చూశాడు. తర్వాత మన డాక్టర్లందరూ చేసే పనే ఆయనా చేశాడు. "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అని, అల్లుణ్ని లోపలే ఉంచుకున్నాడు. సమ్మమ్మ బయటికి వచ్చింది కానీ కూర్చోలేదు. తలుపు సగమే మూసి ఉంది.

"రక్తం లెక్క ఫర్వాలేదు. కానీ ఒక రోజు మూత్రం లెక్క చూస్తే కిడ్నీలు సగం కూడా పని చేస్తలేవు. రెండిటికీ పొంతన లేదు. నిజంగా అంతా పట్టిండ్రా?" అని డాక్టరు అడిగాడు.

"పట్టింది సార్. మా అత్తమ్మ చెప్పిన మాట తప్పే మనిషి కాదు. నేను రోజంత ఇంట్లనే ఉన్న" అన్నాడు భానుచందర్.

తలుపు అవతల సమ్మమ్మ వింటూనే ఉంది. తన అబద్ధానికి అతను హామీ ఉంటున్నాడు.

డాక్టరు నిట్టూర్చాడు. "అట్లయితే ఇదే నమ్మాలె. మనిషి బక్కగ ఉంటే రక్తం లెక్క ఒక్కోసారి మోసం చేస్తది. ఇట్లాంటి కిడ్నీని కోస్తే మిగిలింది సరిపోకపోవచ్చు. డయాలసిస్ మీద పడే ప్రమాదం ఉంది. ఆపరేషన్ ఇప్పుడు పెట్టుకోను. కొన్నాళ్లు ఆగి చూద్దాం."

"ఆగితే గడ్డ పెరగదా సార్?"

"పెరగొచ్చు."

తర్వాత అల్లుడి గొంతు వినబడింది, చాలా మెల్లగా. "సార్, రేపు ఆ డయాలసిస్ దాక వస్తే, ఇంట్లోళ్లు ఎవరన్న కిడ్నీ ఇయ్యొచ్చంటరు గద. పద్మ ఒట్టిమనిషి కాదు, ఆమెను అడుగుడు కుదరది. నాది పనికొస్తదో లేదో చూడుండ్రి. ఇప్పుడే మా ఇంట్ల చెప్పకుండ్రి, వాళ్లు పరేషాన్ అయితరు."

సమ్మమ్మ గోడ పట్టుకుంది. ఇంతవరకూ ఆవిడ సిగ్గు వేరు, ఇప్పుడు పుట్టుకొచ్చిన సిగ్గు వేరు. సంచి పట్టుకుని అల్లుడి ముందు నడవలేక తను చేసిన పనికి, ఆ పిల్లవాడు తన ఒంట్లో నుంచి ఒక ముక్క తీసి ఇస్తానంటున్నాడు. కడుపుతో ఉన్న పెళ్లాం ఉంది, పట్టాల మీద సుత్తి ఎత్తే పని ఉంది. ఛీ, నేనేం మనిషిని అనుకుంది. అట్లాగే మెట్లు దిగి ఎటైనా పోవాలనిపించింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు కూడా, పరువు నిలబడుతుంది, గడ్డ దాని పని అది చేసుకుంటుంది. కాళ్లు మాత్రం లోపలికే నడిచాయి.

భానుచందర్ ఆవిడను చూడగానే లేచి నిలబడ్డాడు.

"సార్, ఆ డబ్బల ఉన్నది మొత్తం కాదు" అంది సమ్మమ్మ, డాక్టరు బల్ల కేసి చూస్తూ. "నేను పట్టలే. రెండుసార్లే పట్టిన. తక్కువున్నదని నల్లా నీళ్లు కలిపిన."

డాక్టరు కళ్లద్దాలు తీశాడు. "నీళ్లు కలిపినవా? ఎంత పని చేసినవమ్మా. అది చూసి నేను ఆపరేషనే వద్దంటున్న. ఎందుకు పట్టలేదు? చెప్పినం గద."

సమ్మమ్మ బల్ల అంచును గోటితో గీకింది. డాక్టరు రెట్టించి అడిగాడు. అల్లుడు లేచి నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు, అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నేనున్ననని సార్" అన్నాడు అతనే. "నేను ఆడ కూసున్ననని పట్టలే. నాకు సోయి లేకపాయె. ఎటన్న బజారుకు పోయినా అయిపోతుండె." మగవాడు, అంత మనిషి, ఏదో దొంగతనంలో పట్టుబడ్డట్టు తల దించుకున్నాడు. "మళ్ల ఒకసారి పట్టిద్దాం సార్. నేను ఊరికి పోత. అదంత అయినంక వస్త."

తప్పంతా తనది, తలొంచుకున్నది అతను. సమ్మమ్మ దాన్ని ఓర్వలేకపోయింది. నెత్తి మీది కొంగు జారుతున్నా సర్దుకోలేదు. అతని వైపు తిరిగింది. తలుపుకు కాదు, గోడకు కాదు, అతనికే చెప్పింది.

"నువ్వు పోకు బిడ్డా. నీది తప్పు లేదు, నాదే బుద్ధి తక్కువ. నువ్వు ఉండంగనే డబ్బల పట్టుత."

అతను తల ఊపాడు కానీ ఎత్తలేదు. డాక్టరు కొత్త డబ్బా రాసిచ్చాడు.

రెండోసారి లెక్క బాగానే వచ్చింది. గడ్డ వరకే తీసి కిడ్నీని నిలబెట్టారు. ఆ సంగతులన్నీ తర్వాత జరిగినవి. అంతకుముందు, డబ్బా మళ్లీ ఇంటికి వచ్చిన ఆదివారం జరిగింది మాత్రం చెప్పి తీరాలి.

ఆ రోజు పొద్దున వాకిలంతా మనుషులే. ప్రేమలత బట్టలు ఉతుకుతోంది, ఇంకో ఇద్దరు నల్లా దగ్గర బిందెలతో నిలబడ్డారు. సమ్మమ్మ కడుపు నిండా నీళ్లు తాగి, అల్లుడి ముందు నుంచే బాత్రూంకు పోయింది. అతను ఈసారి లేవలేదు, ఫోన్‌లోంచి తల ఎత్తలేదు, ఎత్తకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నాడో వంగిన మెడను చూస్తేనే తెలుస్తోంది. ఆ కంగారులో ఆవిడ డబ్బాను గదిలోనే వదిలేసింది. లోపల గొళ్లెం పెట్టుకున్నాక గుర్తొచ్చింది. వెనక్కి పోయి తెచ్చుకునే వ్యవధి లేదు.

పోయిన ఆదివారం అయితే పోనీలే అనుకునేది. తలుపు సందు తీసింది. "అల్లుడా" అంది. అది ఆవిడకే వినబడలేదు. గుటక మింగి, ఈసారి వాకిలంతా వినబడేలా పిలిచింది.

"అల్లుడా, డబ్బ ఇంట్లనే మర్శిన. జర అందియ్యి."

బట్టల చప్పుడు ఆగిపోయింది. బిందెల దగ్గర మాటలు ఆగిపోయాయి. భానుచందర్ గదిలోకి పోయి డబ్బా తీసుకుని, ఏ సంచీ లేకుండా చేత్తో పట్టుకుని వాకిలి దాటి వచ్చాడు. ముఖం పక్కకు తిప్పుకుని తలుపు సందులోంచి లోపలికి చాపాడు. "ఇగో అత్తమ్మా" అన్నాడు. సమ్మమ్మ సిగ్గుతో కళ్లు గట్టిగా మూసుకునే దాన్ని అందుకుని తలుపు వేసుకుంది.